ఒక టాంకు, రెండు గదులు

ఒక ఆదివారం పొద్దున్నే మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకరు చంకలో తుప్పు పట్టిన డబ్బా ఒకటి ఇరికించుకుని మా గుమ్మం ఎక్కారు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, పాత సామాన్లకు ఉల్లిపాయలిచ్చే మనిషి అనుకుని, “ఇవాళేమీ లేవు, వెళ్లిరా నాయనా” అంది. పాపం, ఆయన చిన్నబుచ్చుకోలేదు. డబ్బాను మా అరుగు మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి, “మేష్టారూ, మీకు రేకుపని చేసే తాత తెలుసునటగా, ఆయన దగ్గరికి నన్నొకసారి తీసుకువెళ్లాలి” అన్నారు.

తెలిసినమాట నిజమే. మా బజారు వెనక సందులో ఆ తాత కొట్టు వుంది. ఒకప్పుడు వీధివీధికీ తిరిగి బిందెలకు మాట్లు వేసి, గిన్నెలకు కళాయి పూసినవాడు. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చి ఆ పని కాస్తా మూలపడ్డాక, రేకు పెట్టెలూ గరాటాలూ చేసుకుంటున్నాడు. మా ఇంటి ట్రంకుపెట్టె ఆయన చేతిదే. నాకు మోటారు సైకిళ్లను గురించి ఏమీ తెలియదు. ఎమ్మేలో ప్రబంధాలు చదువుకున్నవాణ్ణి. ఐనా ఆ తరువాతి నాలుగు నెలల్లో నేను చూసినదీ విన్నదీ పాఠకులతో చెప్పుకోకపోతే తోచదు.

ఆ డబ్బా ఒక మోటారు సైకిలు తాలూకు టాంకు. పొడుగ్గా, బల్లపరుపుగా, రెండు పక్కలా అరచేతితో చరిచి అణచినట్టుంది. అడుగు పూర్తిగా తినేసింది. తిరగేసి చూస్తే లోపల అడ్డంగా ఒక రేకు గోడ. దాని మూలంగా టాంకు ఒక పెద్ద గదీ ఒక చిన్న గదీ ఐంది. పైన రెండు మూతులు, రెండు మూతలు. పెద్ద గది పెట్రోలుకి, చిన్న గది నూనెకి.

బండి మా మిత్రుని తాతగారిది. ఇంగ్లండులో కొవెంట్రీ పట్టణంలో తయారైన ట్రయంఫ్ ‘హెచ్’ మోడలు. ఆ కంపెనీ పెట్టిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్ జర్మనీలో నూరెంబర్గులో పుట్టి ఇంగ్లండు చేరినవాడు. మొదట సైకిళ్లమ్మి, 1902లో బెల్జియం ఇంజను ఒకటి తెచ్చి సైకిలుకు బిగించి మోటారు సైకిలు చేశాడు. 1913లో ఆ పరాయి దేశస్థుణ్ణే కొవెంట్రీవారు తమ మేయరుగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడే జర్మనీతో యుద్ధం వచ్చింది. 1915లో బయటికి వచ్చిన ఈ ‘హెచ్’ మోడలు ఆ యుద్ధానికి వార్తాహరుల వాహనమైంది. సుమారు 30,000 బళ్లు సైన్యాలకు వెళ్లాయి. బురదలో, గుంటల్లో, గుళ్ల వానలో పోయిరావడంలో మాట తప్పనిది కనక ‘నమ్మకస్థురాలు’ అని సైనికులు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. 550 సి.సి. ఇంజను, మూడు గేర్లు. ఇంజను శక్తిని గేరుపెట్టె నుంచి వెనక చక్రానికి చేరవేసేది గొలుసు కాదు, పిండిమరకున్నట్టు ఒక బెల్టు! ఆ బళ్లు పుట్టిన కొవెంట్రీ కర్మాగారం 1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులకు నేలమట్టమైంది. 1942లో కంపెనీ మెరిడెన్ అనే వూరికి తరలిపోయింది. బండి మాత్రం మా మిత్రుని పెరటి పాకలో, వడ్లబస్తాల వెనక, బతికే వుంది. వాళ్ల తాతగారు దాన్ని మద్రాసులో సెకండుహాండులో కొని, 1940ల చివరిదాకా నడిపారట.

ఇంతకూ పెట్రోలు టాంకులో నూనె గది ఎందుకు? ఈ ప్రశ్న నాబోటి వాళ్లందరికీ వచ్చేదే. మా మిత్రుడు చెప్పిన సమాధానం వింటే నాకు మన ఇళ్లల్లో దీపారాధన జ్ఞాపకం వచ్చింది. ఈ కాలపు ఇంజనులో నూనె తిరిగిన దారినే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ కాలపు ఇంజనులో అల్లా కాదు. ప్రమిదలో నూనెలాగా, పోసింది పోసినట్టు కాలిపోవడమే. టాంకులోని చిన్న గదిలోంచి కాస్త నూనె ఇంజను అడుగు పెట్టెలోకి దిగుతుంది. అక్కడ తిరిగే చక్రాలు దాన్ని చిలికి లోపలంతా చిమ్ముతాయి. సిలిండరు గోడలు తడుస్తాయి, బేరింగులు తడుస్తాయి. పని ఐన నూనె కొంత పొగై పోతుంది, కొంత అతుకుల్లోంచి కారి రోడ్డు పాలౌతుంది. వెనక్కి రావడమన్నది లేదు. కనక కొన్ని మైళ్లకొకసారి నడిపేవాడే ఒక చేత్తో బండిని నిభాయించుకుంటూ, రెండో చేత్తో టాంకుకున్న ఇత్తడి పంపు నొక్కి ఇంజనుకు నూనె పట్టాలి. మరిచిపోతే పిస్టను సిలిండరులో పట్టేసి బండి నిలువునా ఆగిపోతుంది. ఎక్కువ పడితే వెనక ఊరంతా పొగ. సరిగ్గా ఎంత పొయ్యాలో చెప్పడానికి ముల్లూ లేదు, గంటా లేదు. పొగగొట్టం చివర సన్నగా నీలిరంగు పొగ కనిపిస్తూంటే సరిపోయినట్టు లెక్క.

నడిపేవాడి చేతికి అందాలి, నూనె తన బరువుతో తనే కిందికి దిగాలి, విడిగా ఇంకొక డబ్బా తగిలించడానికి చోటు లేదు. అందుచేత చట్రం తాలూకు రెండు గొట్టాల మధ్య ఒకే టాంకు వేలాడదీసి దాన్ని రెండు గదులు చేశారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో చాలా బళ్ల పద్ధతి ఇదే. 1920ల చివరికి, జీను వేసినట్టు గొట్టం మీదినుంచి దిగే గుండ్రని టాంకులు వచ్చాయి. నూనెను తిప్పి తెచ్చే మరపంపులు వచ్చాయి. తిరిగి వచ్చే నూనె వేడిగా వుంటుంది కనక దాన్ని పెట్రోలు పక్కన వుంచడం మంచిది కాదు. నూనె వేరింటి కాపరానికి వెళ్లి సీటు కింద చేరింది. మనవాళ్లందరికీ తెలిసిన బుల్లెట్టు బండి — 1955 నుంచి మద్రాసులో తయారైనది — నూనెను ఇంజను పెట్టెలోనే ఒక అరలో దాచుకునేది. 1961 నుంచి మైసూరులో తయారైన జావా బండికి ఆ గొడవే లేదు, నూనెను పెట్రోలులోనే కలిపి పొయ్యడం. కలపవలసినచోట కలిపితే మందు, కలపకూడనిచోట కలిపితే విషం.

ఇక్కడ ఆముదం మాట ఒకటి చెప్పాలి. ఆ కాలపు పందెపు ఇంజన్లకూ విమానాల ఇంజన్లకూ ఆముదం పోసేవారు. వేడికి పలచబడక అంటిపెట్టుకుని వుండడం దాని గుణం. కాస్ట్రాల్ అన్న పేరు ఇంగ్లీషులో ఆముదం పేరులోంచి పుట్టినదే, 1909లో. ఇంకొక గుణం, ఆముదం పెట్రోలులో అంత సులువుగా కలవదు. మనం భూమిలోంచి తీసిన నూనె ఐతే అడిగినదే తడవుగా కలిసిపోతుంది. ఈ సంగతి ముందు తెలిసివుంటే మేము ఇంకాస్త భయపడి వుండేవాళ్లం.

మా మిత్రుని తొందరకు కారణం వేరే వుంది. ఆయన తండ్రిగారికి అప్పటికి ఎనభై ఏడో ఏడు. చిన్నతనంలో ఆ బండి మీద తండ్రి ముందు, గొట్టం మీద తుండుగుడ్డ మడిచి వేసుకుని కూచునేవారట. ఆయనకప్పుడు ఒక ఉద్యోగం వుండేది. దారిపక్క మైలురాళ్లు లెక్కపెట్టడం. ఆరో రాయి రాగానే “నాన్నా, ఆరు!” అని అరవాలి. “కొట్టు!” అనేవారు తండ్రి. పిల్లవాడు పంపు మీద రెండు చేతులూ వేసి ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఎగుడు దారైతే నాలుగో రాయికే. ఈ మాటలు ఆ పెద్దాయన రోజుకు రెండుసార్లు చెప్పేవారు. ఆ పెద్దాయనకు ఈమధ్య నిన్నటి సంగతి ఇవాళ జ్ఞాపకం వుండడం లేదు. మైలురాళ్లు మాత్రం వున్నాయి. “ఆ చప్పుడు ఇంకొకసారి వినాలిరా” అన్నారట కొడుకుతో. ఇంజను బాగుచేయడం మా మిత్రునికి కష్టం కాలేదు. గేరుపెట్టే, కార్బురేటరూ బతికే వున్నాయి. చచ్చినది టాంకు ఒక్కటే.

తాత పాత టాంకును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. గోరుతో గీకాడు. వాసన చూశాడు. చివరికి “కళాయి రేకండీ, మా నాయన కిరసనాయిలు డబ్బాలు విప్పి సామాన్లు చేసేవాడు, ఆ జాతి” అన్నాడు. అతుకు పెడితే నిలవదన్నాడు. కొత్తది చేస్తానన్నాడు.

చేసే తీరు చూడముచ్చటైనది. ముందు అట్టముక్కలు కోసి పాత టాంకు చుట్టూ పొదిగి కొలత తీశాడు. మా ఆవిడ జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు ఎంత ఆలోచిస్తుందో అంత ఆలోచించాడు, ఎందుకంటే మడత పోయేచోట రేకు ఎంత తినేస్తుందో ముందే వదలాలి. మిల్లీమీటరుకు లోపు మందం రేకు. పక్కలు వంచి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, చెక్క సుత్తితో మెత్తగా కొట్టి, ఆ మడతలోకి టంకం పారించాలి. టంకమంటే తగరమూ సీసమూ కలిసిన మిశ్రమం. తగరం విడిగా కరగాలంటే 232 డిగ్రీలు కావాలి, సీసానికి 327. రెండూ సరైన పాళ్లలో కలిస్తే 183 డిగ్రీలకే కరుగుతాయి! రెండు పెళుసు స్వభావాలు కలిసి మెత్తబడడం మా మిత్రునికి భౌతికశాస్త్రం, నాకు కావ్యవస్తువు. తాతకు ఈ అంకెలేవీ తెలియవు. కుంపట్లో కాలిన రాగికడ్డీని నవాసాగరం ముద్ద మీద రాసి, వచ్చిన పొగను బట్టి వేడి చెప్పేస్తాడు.

పెట్రోలు కుదుపుకు అటూ ఇటూ కొట్టుకోకుండా పెద్ద గదిలో చిల్లుల రేకు ఒకటి అడ్డం పెట్టాడు. గొట్టాలు బిగించే చోట ఇత్తడి దిమ్మలు వేశాడు, పల్చటి రేకులో మర నిలవదు కదా. మధ్యగోడ పెట్టాడు. దాని నాలుగంచులకూ టంకం పారించాడు. తరువాత పైరేకు మూసి, చుట్టూ అతికాడు. టంకానికి ముందు పూసిన ఆమ్లపు నీళ్లు లోపల మిగిలితే రేకును తినేస్తాయి కనక సోడానీళ్లతో నాలుగుసార్లు కడిగాం. పాత ఇత్తడి పంపును శుభ్రం చేసి, తోలు వాషరు కొత్తది వేసి బిగించాం.

కారుతుందేమో చూడాలిగా. రెండు గదుల్లోనూ నిండా నీళ్లు పోసి రాత్రంతా పాతపేపరు మీద పెట్టాం. తెల్లారి చూస్తే పేపరు మీద ఒక్క చుక్క లేదు. మేము ముగ్గురం మిఠాయి కొట్టుకు వెళ్లి జిలేబీ తిన్నాం.

మా మిత్రుడు టాంకును ఇంటికి తీసుకువెళ్లి, బండికి బిగించి, పెద్ద గదిలో నిండా పెట్రోలు, చిన్న గదిలో సగం దాకా నూనె పోశారు. పొద్దుపోయింది, ఇంజను రేపు చూద్దామనుకున్నారు. ఆ ‘రేపు’ అనుకోవడమే మమ్మల్ని కాపాడింది. మర్నాడు పొద్దున్న నూనె మూత తీసి పుల్ల పెట్టి చూస్తే, నూనె రెండు వేళ్ల ఎత్తు పెరిగివుంది! రాత్రికి రాత్రి పెరగడానికి అది అక్షయపాత్ర కాదుగదా. వేలు ముంచి తీస్తే జిగురు లేదు, నీళ్లలాగా జారిపోయింది. వాసన చూస్తే పెట్రోలు.

ఆయన నాకు ఫోను చేసినప్పుడు గొంతు వణికింది. భయం కన్నా సిగ్గు ఎక్కువ. “మేష్టారూ, ఇరవై ఎనిమిదేళ్లుగా ద్రవాల పీడనం పాఠం చెబుతున్నాను. రెండు గదుల్లోనూ ఒకే ఎత్తున నీళ్లు పోసి మధ్యగోడ కారుతుందో లేదో చూశాను. రెండు పక్కలా ఒకే ఒత్తిడి వుంటే చిల్లు వున్నా నీరు ఎటు పోతుంది? ఫస్టియరు కుర్రాడు ఈ జవాబు రాస్తే సున్నా వేసేవాణ్ణి!”

జరిగినది ఇది. మధ్యగోడ అతుకు మొదట బాగానే వుంది. పైరేకు మూసి అతికేటప్పుడు ఆ వేడి లోపలికి పాకి, గోడ పైఅంచున వున్న టంకం మళ్లీ కరిగి కిందికి జారింది. పైకి ఏమీ కనబడదు. లోపల వెంట్రుకంత సందు. ఆ పలచబడ్డ నూనెతో ఇంజను తిప్పివుంటే నాలుగు నిమిషాలు చప్పుడు బ్రహ్మాండంగా వినబడేది. తరువాత పిస్టను పట్టేసేది. నూరేళ్ల నాటి ఆ సిలిండరు మళ్లీ బజారులో దొరికే వస్తువు కాదు. పెద్దాయన వినేవారు నిజమే — ఆఖరుసారి.

టాంకు మళ్లీ తాత దగ్గరికి చేరింది. తాత మూత తీసి వాసన చూసి, కడ్డీ కుంపట్లోంచి తీసి అవతల పారేశాడు. “కడుపులో పెట్రోలు వాసన వున్న డబ్బాకు నేను నిప్పు చూపించను బాబూ” అన్నాడు. “ఒంపేశాం కదా తాతా, ఖాళీయే” అన్నాను నేను. ఇద్దరూ నా వంక పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు.

ఈ మాట ఇళ్లల్లో అందరూ తెలుసుకోవలసినది. నిండా పెట్రోలు వున్న టాంకు కన్నా ఖాళీ చేసిన టాంకు ప్రమాదం. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలితో కలిసి మండుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఆవిరి వుంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. నిండు టాంకులో గాలికి చోటు లేదు. ఒంపేసిన టాంకులో, గోడలకంటిన నాలుగు చుక్కలు ఆవిరై, సరిగ్గా ఆ పాళ్లకు వచ్చి కూచుంటాయి. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కనక మూత తీసినా పైకి పోదు, అడుగునే పడివుంటుంది. తాత చిన్నతనంలో, పక్క కొట్టులో ఒకతను లారీ టాంకుకు మాటు వేయబోయి రెండు కళ్లూ పోగొట్టుకున్నాడట. తాత ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వూరుకున్నాడు. మేము మళ్లీ అడగలేదు.

వేడినీళ్లు, సోడా. కడగడం, ఒంపడం, ఎండబెట్టడం. అల్లా వారం రోజులు. ఐనా తాత దానికి నిప్పు చూపించలేదు. కత్తెరతో విప్పి, రేకులు రేకులుగా ఎండలో పడేశాడు. ఇత్తడి దిమ్మలు తప్ప ఏమీ వాడుకోనన్నాడు. మళ్లీ మొదటికి వచ్చాం.

ఈసారి మా మిత్రుడు పుస్తకాలు తిరగేసి ఉపాయం తెచ్చారు. లోపలి గోడకు ఎక్కువ వేడికి కరిగే టంకం, పైరేకుకు తక్కువ వేడికి కరిగేది వాడాలి, అప్పుడు రెండోది వేసేటప్పుడు మొదటిది కదలదు. మంచి ఉపాయమే, పనివాళ్లు చాలాచోట్ల చేసేదే. తాత విని, కాసేపు బీడీ కాల్చి, ఇంకొక మాట చెప్పాడు.

“బాబూ, మూసినాక కనబడని అతుకు ఎంత మంచిదైనా నేను నమ్మను. అన్నదమ్ములు ఒక గోడ మీద రెండిళ్లు వేసుకుంటే తగువే. ఎవరి గోడ వాళ్లు కట్టుకుని మధ్య సందు వదిలితే, ఎవరింట్లో నీళ్లు కారితే వాళ్ల సందులో కనబడతాయి.”

అంటే, రెండు విడి డబ్బాలు. ఒక్కొక్కటి నాలుగు పక్కలా మూసి, బయటినుంచే అన్ని అతుకులూ కళ్లారా చూసుకోవడం. తరువాత రెంటినీ వేలెడు సందు వదిలి పక్కపక్కన పెట్టి, పైన ఒకే రేకు తొడుగు వేయడం. ఆ సందుకు అడుగున చిన్న చిల్లు. ఏ గోడ కారినా అది పక్క గదిలోకి పోదు, చిల్లులోంచి బయటికి వచ్చి తన తప్పు తనే చెప్పుకుంటుంది.

మా మిత్రుడు ముఖం వేలాడేశారు. “కొవెంట్రీలో ఇల్లా చెయ్యలేదు. మా తాతగారి టాంకుకు ఒకటే గోడ. ఇది మరొక టాంకవుతుంది” అన్నారు. పాతబళ్ల ప్రియుల్లో ఈ పట్టింపు చాలా గట్టిదట, మరమేకు తలకు ఎన్ని అంచులుండాలో కూడా చూస్తారట. నాకు నవ్వు రాలేదు. మా శాఖలో మేము పడే బాధే ఇది. తాటాకు ప్రతిలో పద్యం మధ్య పురుగు తినేసిన చోట పరిష్కర్త ఏం చెయ్యాలి? ఖాళీ వదిలేస్తే పద్యం నడవదు. తన మాట పెట్టి వూరుకుంటే మోసం. తన పూరణ కుండలీకరణాల్లో పెట్టి, ఇది నాది అని చెప్పుకుంటే దోషం లేదు. ఆ మాటే అన్నాను. మా మిత్రుడు కొంచెంసేపు ఆలోచించి, “ఐతే టాంకు అడుగున ఏ ఏడు చేసిందీ చెక్కించాలి” అన్నారు. తాత ఒప్పుకున్నాడు. కుండలీకరణాలు కూడా చెక్కించమన్నాను గానీ నా మాట సాగలేదు.

పరీక్ష కూడా ఈసారి వేరు. ఒక్కొక్క డబ్బాకు బయట అతుకుల మీద సుద్దనీళ్లు పూసి ఆరబెట్టారు. లోపల కిరసనాయిలు పోశారు. కిరసనాయిలుకు తలతన్యత నీళ్ల కన్నా తక్కువ, నీళ్లు దూరని సందులోకి కూడా అది దూరుతుంది. కారితే తెల్లటి సుద్ద మీద నల్లగా తడి మచ్చ దిగుతుంది. పెద్ద డబ్బా మూలన ఒకచోట ఆవగింజంత మచ్చ వచ్చింది. తాత దాని చుట్టూ గోరుతో సున్నా చుట్టాడు. అదే పాత పద్ధతిలో ఐతే లోపల వుండిపోయే మచ్చ. డబ్బా ఒంపి, కడిగి, ఆరిన తరువాత నిండా నీళ్లు పోసి, ఆ మూల మాత్రం పైకి వచ్చేటట్టు వాల్చి అతికాడు.

ఇంకా గాలి ఒత్తిడితో కూడా చూద్దామని నేను సైకిలు పంపు తెచ్చాను. సాయం చేద్దామనే. మా మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపి, లెక్క చెప్పారు. ఆ డబ్బా పక్కరేకు 30 సెంటీమీటర్ల పొడుగు, 18 వెడల్పు, అంటే 540 చదరపు సెంటీమీటర్లు. సైకిలు పంపుతో చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలు సులువుగా ఎక్కుతుంది. మొత్తం మీద వెయ్యిన్నీ ఎనభై కిలోలు! పక్కరేకు బూరెలా వుబ్బి అతుకులన్నీ విడిపోతాయి. దాని బదులు మూతికి రబ్బరు గొట్టం తగిలించి, మీటరు ఎత్తున నీళ్లు నిలబెట్టారు. ఆ మాత్రానికే పక్కరేకు మీద 54 కిలోల బరువు పడుతుందట. రేకు కొంచెం ‘టక్’ మని, నిలబడింది.

చిన్న విషయాలు చాలా వున్నాయి గానీ రెండు చెప్పి వూరుకుంటాను. రెండు మూతలకూ సూదిమొనంత చిల్లు వుండాలి. లేకపోతే పెట్రోలు దిగుతున్న కొద్దీ లోపల శూన్యం ఏర్పడి, సీసా బోర్లించినప్పుడు గుటగుటలాడి ఆగినట్టు ఆగిపోతుంది. ఎండకు పెట్రోలు పొంగుతుంది కూడాను, ఇరవై డిగ్రీల వేడి పెరిగితే పది లీటర్లకు సుమారు 200 మిల్లీలీటర్లు. అందుకని మూతిదాకా పొయ్యకూడదు. రెండో విషయం, మూతలు రెండూ ఒకేలాగ వున్నాయి. బంకులో కుర్రాడు నూనె గదిలోకి పెట్రోలు పొయ్యడానికి మధ్యగోడ కారనక్కరలేదు. తాత నూనె మూత మీద ఒక ఆముదపు గింజ ఆకారం చెక్కాడు. చదువురాని వాడికి కూడా తెలుస్తుందని.

ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్ కలిసివుంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, కొన్ని పాత లక్క పూతలను కరిగిస్తుంది. అందుచేత లోపల పూత ఏమీ వెయ్యకుండా, బండి నడవనప్పుడు టాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలని నిర్ణయించారు. ఖాళీ టాంకు దగ్గర అగ్గిపుల్ల గీయకూడదన్న మాట ఆ ఇంట్లో ఇప్పుడు చంటిపిల్లకు కూడా తెలుసు.

మూడు రోజులు సందు చిల్లు కింద తెల్లకాగితం పెట్టి చూశారు. ఒక గది నింపి, ఒక గది ఖాళీగా. తరువాత అటుది ఇటు. కాగితం తెల్లగానే వుంది. ఈసారి జిలేబీ మాట ఎవ్వరూ ఎత్తలేదు.

నాలుగో రోజు సాయంత్రం మమ్మల్ని పిలిచారు. పెద్దాయనను వాకిట్లో పడకకుర్చీలో కూచోబెట్టారు. తాత దూరంగా, వేపచెట్టు మొదట గొంతుకు కూచున్నాడు, ఎంత రమ్మన్నా దగ్గరికి రాలేదు. మా మిత్రుడు పంపు ఒక దెబ్బ కొట్టి, కాలితో తన్నారు. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. చెమటలు పట్టాయి. ఏడోసారికి ఇంజను ఒక్క దగ్గు దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అందుకుంది. ఈ కాలపు బళ్ల చప్పుడులాగ కాదు అది. రోట్లో పిండి దంచినట్టు, ఒక్కొక్క పోటూ విడివిడిగా వినబడుతుంది.

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. కాసేపటికి కళ్లు తెరిచి, పొగగొట్టం వంక చూసి, “పొగ రాలేదు. ఇంకొకటి కొట్టు” అన్నారు.

“ఇప్పుడేగా పోశాం నాన్నగారూ, చాలునేమో” అన్నారు కొడుకు.

ఆయన జవాబు చెప్పలేదు. చేతికర్ర ఆనుకుని లేచారు. మేము పట్టుకోబోతే వద్దన్నారు. బండి దగ్గరికి నాలుగడుగులు వేసి, టాంకు వంక చూడనైనా చూడకుండా, చెయ్యి చాచి సరిగ్గా పంపు మీద వేశారు. రెండో చెయ్యి కూడా దానిమీద వేశారు. ఒక్క దెబ్బ కొట్టారు.

ఒక నిమిషం ఏమీ లేదు. తరువాత గొట్టం చివర, సాయంత్రపు వెలుతురులో, సన్నగా నీలిపొగ లేచింది.

“ఇంక ఆరో రాయి దాకా ఫరవాలేదు” అన్నారాయన.